పదకొండేళ్ల బొటాక్స్ తర్వాత బరువెక్కిన కళ్లు: ఒక కేస్ స్టడీ

52 ఏళ్ల మహిళ. హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజర్. 2013 నుంచి నుదుటికి, కనుబొమల మధ్య, కళ్ల పక్కన ముడతలు తగ్గడానికి బొటాక్స్ (బొటులినమ్ టాక్సిన్) ఇంజెక్షన్లు వేయించుకుంటున్నారు. 2024 ఫిబ్రవరిలో నన్ను కలిసేనాటికి ఆవిడ ఇబ్బందులు ఇవి: సాయంత్రం నాలుగు దాటిందంటే కళ్లు బరువెక్కి మూతలు పడుతున్నట్టు ఉంటోంది. నుదురంతా పట్టేసినట్టు ఉంటోంది. ఇంజెక్షన్ ఇదివరకటిలా నాలుగు నెలలు నిలవడం లేదు, ఆరేడు వారాలకే గీతలు తిరిగొస్తున్నాయి. వీటన్నిటికన్నా ఆవిడను తొలిచేస్తున్నది ఒక ప్రశ్న. "ఇన్నేళ్లు ఒంట్లోకి విషం ఎక్కించుకున్నాను కదా డాక్టర్ గారూ, అది నరాలకీ మెదడుకీ పాకిందంటారా?"

ఈ కేసు రాయడానికి ఆవిడ అనుమతి ఇచ్చారు. మనిషిని గుర్తుపట్టే వివరాలు మార్చాను. చర్మ వైద్యురాలిగా నాకు చాలా తరచుగా ఎదురయ్యే ప్రశ్న, ఇది ఏళ్ల తరబడి వాడితే ప్రమాదమా అనేది. దానికి మేం డాక్టర్లం మందు గురించి జవాబు చెప్పి ఊరుకుంటాం. మందు గురించిన జవాబు చాలావరకు ధైర్యం చెప్పేదే. అయితే పదేళ్లలో ముఖం మారుతుంది, వేసే చేయి మారుతుంది, ఎంత వేశారన్న లెక్క పోతుంది. ఈవిడకు కష్టం వచ్చింది మందు వల్ల కాదు, ఈ మిగతా వాటి వల్ల.

గడిచిన పదకొండేళ్లు

మొదటి ఇంజెక్షన్ డాలస్‌లో, 41 ఏళ్ల వయసులో. అక్కడి కాగితాలు ఆవిడ ఈమెయిల్‌లో భద్రంగా ఉన్నాయి. ఏ బ్రాండ్, ఏ బ్యాచ్, ఏ చోట ఎన్ని యూనిట్లు అన్నీ రాసి ఉన్నాయి. కనుబొమల మధ్య 20, నుదుటికి 10, కళ్ల పక్కన ఒక్కో వైపు 8. ఏడాదికి రెండుసార్లు, ఎప్పుడైనా మూడోసారి. ఆ రోజుల్లో ఏ ఫిర్యాదూ లేదు.

2018లో కుటుంబం హైదరాబాద్ వచ్చేసింది. ఆ తర్వాత ఒకచోట నిలకడగా వైద్యం జరగలేదు. దగ్గరని ఒక క్లినిక్, పండగ ఆఫర్ ఉందని ఇంకొకటి, స్నేహితురాలు చెప్పిందని మరొకటి. ఆవిడ దగ్గర మిగిలినవి బిల్లులు మాత్రమే. వాటి మీద "బొటాక్స్, 3 ఏరియాలు" అని ఉంది. బ్రాండ్ లేదు, యూనిట్లు లేవు. మందు సీసా (వయల్) చూపించమని ఒకసారి అడిగితే, అంతా ఇంపోర్టెడే అని చెప్పి ముందే నింపిన సిరంజి తెచ్చారట. త్వరగా తగ్గిపోతోందని చెప్పినప్పుడల్లా టచప్ పేరుతో ఇంకొంచెం వేశారు. 2022 నుంచి దాదాపు రెండు నెలలకోసారి సూది పడుతూనే ఉంది.

మిగతా ఆరోగ్యం బాగానే ఉంది. థైరాయిడ్ తక్కువగా ఉన్నందుకు 50 మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నారు, థైరాయిడ్ రక్తపరీక్ష టీఎస్‌హెచ్ అదుపులోనే ఉంది. ఈమధ్య జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఏమైనా తీసుకున్నారా అని అడిగాను. అవి కూడా నరానికీ కండరానికీ మధ్య సంకేతాన్ని బలహీనపరుస్తాయి, బొటాక్స్‌తో కలిస్తే ప్రభావం ఎక్కువవుతుంది. తీసుకోలేదన్నారు. మింగడంలో ఇబ్బంది, మాట ముద్దగా రావడం, ఒకటి రెండుగా కనిపించడం, మెట్లెక్కితే కాళ్లు పట్టు తప్పడం, ఇవేవీ లేవు.

ముఖం ఏం చెప్పింది

ఈ కేసులో కీలకం పరీక్షలోనే దొరికింది కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

కనుబొమలు పైకెత్తమన్నాను. నుదురు మధ్యభాగం అసలు కదల్లేదు. రెండు కొసలు మాత్రం కాస్త లేచాయి. తర్వాత నొసలు చిట్లించమన్నాను. కనుబొమలు రెండూ గట్టిగా దగ్గరకొచ్చాయి, మధ్యలో నిలువు గీతలు లోతుగా పడ్డాయి. పైకెత్తే కండరం పడిపోయి ఉంది, కిందకు లాగే కండరాలు పూర్తి బలంతో ఉన్నాయి.

కనుబొమను పైకి లేపే కండరం మనకు ఒక్కటే, నుదుటి మీద పలచగా పరుచుకున్న ఫ్రంటాలిస్. కిందకు లాగేవి చాలా ఉన్నాయి: కనుబొమల మధ్య ఉండే కారుగేటర్, ప్రొసీరస్, కంటి చుట్టూ ఉండే ఆర్బిక్యులారిస్. ఇవన్నీ ఒకదాన్నొకటి సరిచూసుకుంటూ కనుబొమను దాని చోట నిలబెడతాయి. ఈవిడ విషయంలో ఆ సమతూకం తలకిందులైంది. కనుబొమలు కంటిగూడు ఎముక అంచుకు కిందికి దిగాయి. వాటితో పాటు పైరెప్ప మీది చర్మం మడతపడి, బయటి కొసల దగ్గర రెప్ప అంచు మీదికి జారింది.

అసలు రెప్పే వాలిందా అన్నది వేరుగా చూడాలి. జారిన చర్మాన్ని వేలితో మెల్లగా ఎత్తి పట్టుకుని, నల్లగుడ్డు మీద పడిన టార్చ్ వెలుగు చుక్క నుంచి రెప్ప అంచు దాకా కొలిచాను. రెండు వైపులా 4 మిల్లీమీటర్లు, అంటే మామూలే. రెప్పను ఎత్తే కండరం కదలిక 14 మిల్లీమీటర్లు, అదీ మామూలే. మందు లోపలికి జారి రెప్ప ఎత్తే కండరాన్ని పట్టుకోలేదు. ఇంజెక్షన్ తర్వాత రెప్ప వాలడం అనగానే అందరూ అనుకునేది అదే, కనుబొమల మధ్య వేసిన ఇంజెక్షన్ల మొదటి ట్రయల్స్‌లో అది సుమారు 3 శాతం మందిలో కనిపించింది. దానికి అప్రాక్లోనిడిన్ చుక్కలు వేస్తే రెప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు లేస్తుంది. ఈవిడకు ఆ చుక్కలు అప్పటికే ఎవరో రాసిచ్చారు, గుణం కనిపించలేదు. రెప్ప వాలనే లేదు కాబట్టి కనిపించదు.

కొట్టిపారేయకూడని అనుమానం

అయినా ఒక విషయం నన్ను ఆపింది. సాయంత్రానికి పెరిగే బరువు. పొద్దున బాగుండి, రోజు గడిచేకొద్దీ కళ్లు వాలుతున్నాయంటే మయస్థీనియా గ్రేవిస్ (నరం నుంచి కండరానికి సంకేతం సరిగా అందక కండరాలు త్వరగా అలసిపోయే జబ్బు) ఉందేమో చూడకుండా ముందుకు వెళ్లకూడదు. ఆ జబ్బు ఉన్నవాళ్లకు బొటాక్స్ వేస్తే బలహీనత ఉన్నట్టుండి ముదరవచ్చు. కొందరిలో జబ్బు ఉందన్న సంగతి బొటాక్స్ వేశాకే బయటపడింది కూడా.

రెండు నిమిషాలు కళ్లు పైకి తిప్పి ఉంచమన్నాను, రెప్పలు కిందికి జారలేదు. మూసిన కంటి మీద రెండు నిమిషాలు ఐస్ పెట్టి చూశాను, తేడా లేదు. ఆ జబ్బు కోసం రక్తంలో చూసే ఎసిటైల్‌కోలిన్ రిసెప్టర్ యాంటీబాడీలు నెగటివ్. కానీ జబ్బు కళ్లకే పరిమితమైనవాళ్లలో దాదాపు సగం మందికి ఈ రక్తపరీక్ష నెగటివ్‌గానే వస్తుంది, అందుకని న్యూరాలజిస్టుకు పంపాను. అక్కడ ఒక చిక్కు ఉంది. నరానికి వెంటవెంటనే కరెంట్ ఇచ్చి కండరం అలసట చూసే పరీక్షను బొటాక్స్ పడిన ముఖ కండరం మీద చేస్తే ఫలితం తప్పుదారి పట్టిస్తుంది, ఎందుకంటే బొటాక్స్ కూడా అదే చోట అదే లోపాన్ని కలిగిస్తుంది. నా రిఫరల్ లెటర్‌లో ఇంజెక్షన్ల చరిత్ర మొదటి వాక్యంలోనే రాశాను. న్యూరాలజిస్టు ముఖాన్ని వదిలి భుజం మీది కండరంలో పరీక్ష చేశారు. మామూలుగా వచ్చింది. ముఖానికి ఇంజెక్షన్లు తీసుకునేవాళ్లు నరాల డాక్టరు దగ్గరికి, కంటి డాక్టరు దగ్గరికి, ఏదైనా ఆపరేషన్‌కి మత్తు డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు ఆ సంగతి దాచకండి. మొహమాటపడి దాచేవాళ్లు నాకు ఎంతోమంది తెలుసు.

మెదడు సంగతి

ఆవిడ అడిగిన ప్రశ్నకు తేలిగ్గా తల ఊపి పంపడం నాకు ఇష్టం లేకపోయింది. ఎక్కడో చదివే అడిగారు. 2008లో ఇటలీ పరిశోధకులు ఎలుకల మీసాల మూలంలో ఈ టాక్సిన్ ఎక్కిస్తే, దాని పని తాలూకు జాడ మెదడు కాండంలో కనిపించింది. నరం వెంట కొంత వెనక్కి ప్రయాణించగలదని దాని అర్థం. ఆ సంగతి ఉన్నదున్నట్టే చెప్పాను. తర్వాత రెండో వైపు కూడా చెప్పాను.

ఈ మందు కండరాన్ని చంపదు, నరాన్ని తెంపదు. నరం చివర కండరానికి సంకేతం మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం బయటికి రావడానికి కావలసిన స్నాప్-25 అనే ప్రోటీన్‌ను కత్తిరిస్తుంది. సంకేతం ఆగిపోతుంది, కండరం సడలుతుంది. కొన్ని వారాల్లో నరం కొత్త మొగ్గలు తొడుగుతుంది, ఆ తర్వాత పాత చివరే తిరిగి పని అందుకుంటుంది. మూడు నాలుగు నెలలకు మళ్లీ ఇంజెక్షన్ కావాల్సి రావడమే అది పోతుందనడానికి సాక్ష్యం.

దీర్ఘకాలం వాడినవాళ్ల అనుభవం అందం కోసం వేయించుకున్నవాళ్ల దగ్గర మొదలవలేదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆలన్ స్కాట్ అనే కంటి వైద్యుడు మెల్లకన్నుకు దీన్ని వాడి చూశారు. 1989లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ మెల్లకన్నుకూ, కళ్లు వాటంతటవే బిగుసుకుపోయే బ్లెఫరోస్పాజమ్‌కూ అనుమతి ఇచ్చింది. వాంకూవర్‌లో జీన్ కారుథర్స్, ఆలస్టెయిర్ కారుథర్స్ దంపతులు కనుబొమల మధ్య గీతలు తగ్గడం గమనించి 1992లో ప్రచురించారు. ఆ గీతలకు ఎఫ్‌డీఏ అనుమతి 2002లో, కళ్ల పక్క గీతలకు 2013లో, నుదుటికి 2017లో వచ్చింది. బ్లెఫరోస్పాజమ్ ఉన్నవాళ్లు, మెడ మెలితిరిగే డిస్టోనియా ఉన్నవాళ్లు మూడు నెలలకోసారి దశాబ్దాలుగా ఈ ఇంజెక్షన్ తీసుకుంటున్నారు. మెడకు ఒక్కసారికి 200 యూనిట్లు దాటడం మామూలు. కనుబొమల మధ్య వేసేది 20. అంత పెద్ద మోతాదుల్లో అన్నేళ్లు వాడినవాళ్లలో ఇది మెదడు జబ్బుగా మారినట్టు ఆధారం లేదు. మన కంటి ఆసుపత్రుల్లో, న్యూరాలజీ విభాగాల్లో ఈ ఇంజెక్షన్ వేయించుకుని మామూలుగా కళ్లు తెరిచి బతుకుతున్నవాళ్లు ఉన్నారు. నాకు ఈ మందు మీద ఉన్న నమ్మకంలో ఎక్కువ భాగం వాళ్ల వల్ల వచ్చిందే.

అందం కోసం వాడినవాళ్ల విషయంలో 2006లో ప్రచురించిన ఒక కవలల కేసు నేను తరచుగా చెబుతాను. ఒకే పోలికలున్న అక్కచెల్లెళ్లు. ఒకరు 13 ఏళ్లు క్రమం తప్పకుండా వేయించుకున్నారు, ఇంకొకరు రెండుసార్లు మాత్రమే. మొదటావిడకు ముఖం కదలకుండా ఉన్నప్పుడు నుదుటి మీద గీతలు స్థిరపడలేదు, హాని ఏమీ కనిపించలేదు. ఇద్దరి కథ అది, దాంతో అందరికీ తీర్పు చెప్పలేం.  

మందు పేరుతో జరిగిన పెద్ద ప్రమాదాలు ఎక్కడ జరిగాయో కూడా ఆవిడకు చెప్పాను. 2004లో ఫ్లోరిడాలో, మనుషులకు వాడకూడని ప్రయోగశాల టాక్సిన్ ఎక్కించడంతో నలుగురు పక్షవాతంతో వెంటిలేటర్ మీదికి వెళ్లారు. 2023లో బరువు తగ్గడానికని తుర్కియేలో జీర్ణాశయం గోడకు వేయించుకున్న పదుల మందికి బొటులిజం, అంటే ఈ టాక్సిన్ ఒళ్లంతా పాకి కండరాలు పడిపోయే జబ్బు, వచ్చింది. 2024లో అమెరికాలో నకిలీ బొటాక్స్ వల్ల పలు రాష్ట్రాల్లో మనుషులు ఆసుపత్రి పాలయ్యారు. ఇందుకే సిరంజిలో ఏముందో తెలియకుండా సూది పొడిపించుకోవద్దని అంత గట్టిగా చెబుతాను.

మందు పనిచేయడం మానేసిందా?

ఆరేడు వారాలకే గీతలు తిరిగొస్తే, ఒంట్లో యాంటీబాడీలు తయారై మందును అడ్డుకుంటున్నాయేమో అన్న అనుమానం సహజం. 1997కి ముందు బొటాక్స్‌లో 100 యూనిట్లకు 25 నానోగ్రాముల ప్రోటీన్ ఉండేది, తర్వాత 5కు తగ్గించారు. అప్పటి నుంచి ఈ సమస్య బాగా తగ్గింది, ముఖానికి వాడే చిన్న మోతాదుల్లో చాలా అరుదు. అయినా ఈవిడకు మూడు నెలలు ఆగకుండా టచప్‌లు పడ్డాయి, ఆ అలవాటు యాంటీబాడీలకు దారి తీయగలదు. అందుకే పరీక్షించాలనుకున్నాను.

ముందు అన్నీ ఆపేశాం. ఇది ఆవిడకు కష్టమైన నిర్ణయం. ఆఫీసులో రివ్యూల సీజన్, ఇంట్లో అమ్మాయి పెళ్లి మాటలు, "ఇప్పుడే ఆపాలా?" అని చాలా టెన్షన్ పడ్డారు. ఆపితే ముఖం ఒక్కసారిగా జారిపోతుందని ఎవరో భయపెట్టారు. అలా జరగదు. కండరం తిరిగి కదలడం మొదలుపెడుతుంది, గీతలు వాటి సహజ స్థితికి చేరతాయి, అంతకంటే కిందికి పోవు. నెలనెలా ఒకే గదిలో, ఒకే వెలుగులో ఫోటోలు తీశాం.

ఏప్రిల్ చివరికి నుదురు మధ్యలో సన్నటి కదలిక మొదలైంది. జులైకి కనుబొమలు 3 మిల్లీమీటర్లు పైకి వచ్చాయి, సాయంత్రం బరువు సగం పైగా తగ్గిందని ఆవిడే చెప్పారు. నుదుటి మీద అడ్డ గీతలు వచ్చాయి. 2013 నాటి ఫోటో పక్కన పెట్టి చూస్తే, పదకొండేళ్లు గడిచినా పాత గీతలకన్నా లోతుగా లేవు. ఆ ఫోటో చూశాక ఆవిడకు కొంత నిబ్బరం వచ్చింది.

ఆగస్టులో, ఆవిడ ముందే సీల్ తీసిన వయల్‌తో, కుడి కనుబొమ లోపలి కొస వైపు మాత్రమే 10 యూనిట్లు వేశాను. రెండు వారాల తర్వాత నొసలు చిట్లించమంటే ఎడమవైపు ముడుచుకుంది, కుడివైపు కదల్లేదు. మందు పనిచేస్తోంది. యాంటీబాడీల అనుమానం అక్కడితో తీరింది, ఎడమవైపు కూడా 10 వేసి సమం చేశాను. ఈసారి ప్రభావం నాలుగు నెలలు దాటి నిలిచింది.

అయితే ముందు ఏం జరిగినట్టు? కాగితాలు లేవు కాబట్టి ముఖాన్ని బట్టే చెప్పాలి. కనుబొమల మధ్య కండరం మందమైంది, దానికి తగినంత మందు పడకపోతే త్వరగా తేరుకుంటుంది. నుదుటి కండరం పలచనిది, కొంచెం మందుకే పడిపోతుంది. మందులో సెలైన్ ఎక్కువ కలిపితే పొడిచిన చోట బలం తగ్గి, చుట్టుపక్కలకు ఎక్కువగా పాకుతుంది. గీతలు తిరిగొచ్చాయని వెళ్లిన ప్రతిసారీ టచప్ తేలిగ్గా అందే నుదుటి మీదే పడింది. ఆవిడ కూడా అలాగే గుర్తుచేసుకున్నారు, సూదులు ఎప్పుడూ నుదుటి మీదే ఎక్కువట. తగ్గించాల్సిన కండరం తప్పించుకుంది, కాపాడాల్సిన కండరానికి రెండేళ్లు తేరుకునే సమయమే దొరకలేదు.

దీనికి వయసు తోడైంది. 41 ఏళ్లప్పుడు రెప్ప మీద చర్మం బిగువుగా ఉంది, నుదుటికి 10 యూనిట్లు వేసినా కనుబొమకు ఏమీ కాలేదు. 50 దాటాక రెప్ప చర్మం వదులైంది. ఆ బరువును మోయడానికి నుదుటి కండరం మనకు తెలియకుండానే రోజంతా పనిచేస్తుంది. అది పట్టు కోల్పోతే, రోజు గడిచేకొద్దీ అలసట పేరుకుంటుంది. సాయంత్రం బరువుకు కారణం అదే. దీన్ని కనిపెట్టడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. కళ్లు మూసి నుదురు పూర్తిగా వదులు చేయించి, కనుబొమలను వేళ్లతో అక్కడే ఆపి, కళ్లు తెరవమనాలి. రెప్ప చర్మం చూపుకు అడ్డొస్తే, ఆ మనిషి నుదుటి కండరం మీద ఆధారపడి చూస్తున్నట్టు. 45 దాటిన ఎవరికైనా నుదుటికి సూది వేసే ముందు నేను ఇది తప్పక చేస్తాను, ప్రతిసారీ చేస్తాను.

ఆ తర్వాత

జులై తర్వాత కూడా కొంత బరువు మిగిలే ఉంది. కంటి ప్లాస్టిక్ సర్జన్ చూపు ఎంత మేర అందుతోందో చూసే విజువల్ ఫీల్డ్ పరీక్ష రెండుసార్లు చేశారు, రెప్ప చర్మం వదిలేసి ఒకసారి, టేపుతో ఎత్తి ఒకసారి. టేపు వేశాక పైభాగంలో చూపు స్పష్టంగా పెరిగింది. డిసెంబరులో పైరెప్పల బ్లెఫరోప్లాస్టీ, అంటే వదులైన రెప్ప చర్మాన్ని తీసేసే ఆపరేషన్, జరిగింది. ఇంజెక్షన్లు ఎన్ని వేసినా తీరని సమస్యకు ఆపరేషనే సరైన వైద్యం. ఈ మాట చెప్పడానికి ఇంజెక్షన్లు వేసే డాక్టరు వెనకాడకూడదు.

2025లో కనుబొమల మధ్య 20, కళ్ల పక్కన ఒక్కో వైపు 6 యూనిట్లతో తిరిగి మొదలుపెట్టాం. నాలుగు నెలలలోపు మళ్లీ సూది లేదు, మధ్యలో టచప్ లేదు. ప్రతిసారీ ఆవిడ ఫోన్‌లోనే ఫోటో తీసుకుంటారు: వయల్ మీది బ్రాండ్, బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, దిగుమతి చేసినదైతే ఇంపోర్ట్ లైసెన్స్ నంబరు. ఎంత సెలైన్ కలిపాను, ఏ చుక్క దగ్గర ఎన్ని యూనిట్లు అన్నది ముఖం బొమ్మ మీద రాసి ఒక కాపీ ఇస్తాను. బ్రాండ్ మార్చితే యూనిట్లు అలాగే బదిలీ కావు. డిస్‌పోర్ట్ అనే ఇంకో బ్రాండ్ యూనిట్ వేరు, బొటాక్స్ యూనిట్ వేరు. ఆవిడ రేపు ఏ ఊరు వెళ్లినా, ఏ డాక్టర్ని మార్చినా ఆ కాగితం పనికొస్తుంది.

ఆవిడ ఇప్పటికీ నుదుటి గీతలు పూర్తిగా పోవాలనే అడుగుతున్నారు. నేను 4 యూనిట్లు దాటడం లేదు, అవీ కనుబొమలకు బాగా పైన, జుట్టుకు దగ్గరగా. నుదురు కొంచెం కదలాలి, కొన్ని గీతలు కనిపించాలి అన్న షరతు మీదే వేస్తున్నాను. మొన్నటి విజిట్‌లో కనుబొమలు చోటు తప్పలేదు, సాయంత్రం ఏడు దాకా స్క్రీన్ ముందు కూర్చున్నా బరువు లేదని చెప్పారు. వచ్చే ఇంజెక్షన్‌కు ముందు రెప్పల కొలతలు మళ్లీ తీసుకుంటాం, ఒక్క మిల్లీమీటరు దిగినా ఆ 4 యూనిట్లు కూడా ఆపేస్తాం. అందుకు ఆవిడ ఒప్పుకున్నారు.